సంచి మల్చింగ్ నుంచి బర్రెల కొట్టం గడ్డి దాకా

మట్టి ఆరిపోకుండా మొక్కల చుట్టూ పైన కప్పే సరుకులకు, అంటే మల్చ్‌లకు, నేనిచ్చే మార్కులు ముందే చెప్పేస్తా, కారణాలు తర్వాత తీరిగ్గా చదువుకోండి. ఆన్‌లైన్‌లో తెప్పించిన 'ఆర్గానిక్ మల్చ్' సంచికి పదికి రెండు. కొబ్బరి పొట్టు ఇటుకకు కుండీల్లో అయితే ఏడు, చెట్ల కింద అయితే మూడు. వరి ఊకకు నాలుగు. రంపపు పొట్టుకు మూడు, అందులో సగం తప్పు నాదే. పల్లికాయ పొట్టుకు ఎనిమిది. మా అత్తమ్మ బర్రెల కొట్టంలోంచి ఎత్తిపోసే గడ్డికి తొమ్మిది, ఆ ఒక్క మార్కు ఎందుకు కోశానో కింద రాశాను.

మాది నల్గొండ, పానగల్లు దిక్కు. ఇంటి వెనక 300 గజాల జాగా ఉంది, పైన ఎర్రమట్టి, మోకాలి లోతు తవ్వితే మొరం. రెండు మామిడి చెట్లు, ఒక మునగ, నాలుగు నిమ్మ, మిగిలిన చోట వంగ, టమాట, బెండ మడులు. ఇది కాక గుర్రంపోడు దిక్కు అత్తగారి ఊళ్లో మామకు మూడెకరాల బత్తాయి తోట. ఏప్రిల్ సగం దాటిందంటే మా దగ్గర ఎండ ఎట్లుంటుందో వేరే చెప్పక్కర్లేదు, మేలో 44, 45 డిగ్రీలు మామూలే. పొద్దున ఆరింటికి తడిపిన మడి మధ్యాహ్నం రెండింటికల్లా పైన పెంకు కట్టి, వేలితో గీరితే పిండిలాగా లేస్తుంది. పోనీ రెండు పూటలా పోద్దామా అంటే మా బోరు నీళ్లు అట్లాంటివి, బకెట్ ఆరబెడితే అంచున తెల్లగా సున్నం పేరుకుంటుంది. ఆ నీళ్లు ఎంత ఎక్కువ పోస్తే మట్టిలో అంత ఉప్పు చేరుతుంది. కాబట్టి పోసిన నీళ్లు పోకుండా కాపాడుకోవడమే దారి, అందుకే ఈ మల్చింగ్ పిచ్చి పట్టుకుంది. సుభాష్ పాలేకర్ చెప్పిన ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు దీన్నే ఆచ్ఛాదన అంటారు, మామ మాత్రం "మట్టికి దుప్పటి" అంటాడు.

రెండేళ్ల కింద వీడియోలు చూసి చూసి మొదట కొన్నది ఆ సంచి. కంపెనీ పేరు రాయను, మీరు ఊహించుకున్నా నాకేం అభ్యంతరం లేదు. 450 రూపాయలు, డెలివరీ వేరే. సంచి మీద పచ్చటి తోట బొమ్మ, పెద్ద అక్షరాల్లో ఆర్గానిక్. లోపల ఏమేం కలిపారో మాత్రం ఎక్కడా రాయలేదు. విప్పితే కొన్ని కొబ్బరి పీచు ముక్కలు, కొంత బెరడు, మిగతాది ఏదో కట్టె పొట్టు, దానికి ఇటుక రంగు పట్టించి ఉంది, తడి చేత్తో పట్టుకుంటే వేళ్లకు అంటింది. అన్నిటికంటే వాసన! పులిసి నాలుగు రోజులైన గంజిలాగా గుప్పుమంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "నేచురల్ స్మెల్ మేడమ్" అన్నారు. తర్వాత తెలిసింది ఏంటంటే, తడి మీద ఉన్న పొట్టును గాలాడని సంచిలో నెలల తరబడి బిగించి ఉంచితే లోపల పులిసి ఆమ్లాలు తయారవుతాయి, అది అలాగే తెచ్చి లేత మొక్కల చుట్టూ వేస్తే ఆకులు మాడతాయి. నేను వేసిన రెండు బంతి మొక్కలకు మూడో రోజుకే అంచులు కాలినట్టయ్యాయి. మిగిలింది మేడ మీద పరిచి వారం ఆరబెట్టాక వాసన పోయింది కానీ, మూడంగుళాల మందం వేస్తే నాలుగు కుండీలతో సంచి ఖాళీ. ఆ రెండు మార్కులు సంచి గట్టిగా ఉన్నందుకు, ఇప్పుడు అందులో ఉల్లిగడ్డలు పోస్తున్నాం.

కొబ్బరి పొట్టు ఇటుక సంగతి వేరు, అది మంచి సరుకే. 5 కిలోల ఇటుకను టబ్బులో వేసి నీళ్లు పోస్తే ఉబ్బి 60, 70 లీటర్ల పొట్టు అవుతుంది, పిల్లలకు అదొక తమాషా. నీళ్లను బాగా పట్టి ఉంచుతుంది, కుండీల్లో నేను ఇప్పటికీ వాడుతున్నాను. కానీ కొన్ని ఇటుకల్లో ఉప్పు ఎక్కువ ఉంటుంది, రెండు మూడుసార్లు నానబెట్టి ఆ గోధుమ రంగు నీళ్లు పారబోసి వాడాలి, మా నీళ్లలో ఉన్న ఉప్పు చాలదన్నట్టు ఇది ఒకటి. ఇక చెట్లకు లెక్క కట్టి చూడండి. కాస్త ఎదిగిన బత్తాయి చెట్టుకు మొదలు నుంచి ఆరడుగుల దూరం దాకా చుట్టూ కప్పాలంటే 113 చదరపు అడుగులు, మూడంగుళాల మందానికి సుమారు 800 లీటర్ల పొట్టు కావాలి. అంటే 12 ఇటుకలు. నేను కొన్న ధర 320, చెట్టుకు 3,840 రూపాయలు. 20 అడుగుల ఎడంతో ఎకరానికి వందకు పైనే చెట్లు పడతాయి. ఈ లెక్క మామకు చెప్తే ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "ఆ పైసలతో ఇంకో బోరు ఏసుకోవచ్చు గద బిడ్డా" అన్నాడు.

ఊక మా దగ్గర దొరకడం కష్టమేం కాదు, మిర్యాలగూడ దిక్కు రైస్ మిల్లులకు కొదవా. తెలిసినవాళ్ల ట్రాలీలో పది బస్తాలు తెప్పించి మామిడి చెట్ల కింద పోశాను. చూడ్డానికి బంగారంలా ఉంది. మేలో ఒక సాయంత్రం గాలిదుమారం వచ్చింది, తెల్లారి చూస్తే సగం ఊక పక్కింటి వాకిట్లో, సగం మా నీళ్ల తొట్టిలో. పక్కింటి అక్క ఏమీ అనలేదు, చీపురు మాత్రం మా గోడ మీద ఆనించి పోయింది. ఊకకు ఇంకో గుణం ఉంది, దాంట్లో సిలికా ఎక్కువ కాబట్టి తొందరగా కుళ్లదు. అంటే ఎక్కువ రోజులు ఉంటుంది, అది లాభమే, కానీ మట్టికి పెట్టే తిండి తక్కువ. మందంగా పోస్తే మరో తంటా: మా దగ్గర పడేవే చిన్న చినుకులు, ఐదు పది నిమిషాల వాన ఊక పైపొరను తడిపి అక్కడే ఆగిపోయింది, వేలు పెట్టి చూస్తే కింద మట్టి పొడిగా ఉంది. పలచగా వేసి, పైన ఏదైనా బరువైనది కప్పితే పనికొస్తుంది. ఒకటి గుర్తుంచుకోండి, మిల్లుల దగ్గర నల్లటి ఊక బూడిద కూడా ఇస్తారు, ఊరికే వస్తుంది కదా అని ఎత్తుకురాకండి. బూడిద క్షారం, మా నేలల్లో ఇప్పటికే సున్నం ఎక్కువ.

రంపపు పొట్టు విషయంలో నేను చేసిన పని చెప్తే నవ్వుతారు. కట్టెకోత మిషన్ దగ్గర నాలుగు బస్తాలు తెచ్చి, మట్టి గుల్లబారుతుంది కదా అని వంగ మడిలో పోసి పారతో కలిపేశాను. పదిహేను రోజులకు వంగ మొక్కలు కామెర్లు వచ్చినట్టు పసుపురంగుకు తిరిగాయి. కట్టెను కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు కర్బనంతో పాటు నత్రజని కూడా కావాలి, రంపపు పొట్టులో ఒక పాలు నత్రజనికి కర్బనం కొన్ని వందల పాళ్లు ఉంటుంది, ఆ లోటును అవి మట్టిలోంచి లాక్కుంటాయి, మొక్కకు ఏమీ మిగలదు. వరిగడ్డిలో అయితే అది 60, 80 పాళ్ల దగ్గర ఉంటుంది, పప్పుజాతి పచ్చి ఆకుల్లో 20 దరిదాపుల్లోనే. అదే పొట్టును కలపకుండా పైన పరిస్తే ఈ లాగుడు పైపొరకే పరిమితమవుతుంది, వేర్లదాకా పోదు. అంటే తప్పు కప్పడంలో లేదు, కలపడంలో ఉంది. ఆవు మూత్రం, పేడ కలిపిన నీళ్లు పోసి మూడు వారాలు బతిమాలితే మొక్కలు కోలుకున్నాయి. ఇంకో మాట, ఫర్నిచర్ షాపుల్లో వచ్చే ప్లైవుడ్ పొట్టు అసలే వద్దు, అందులో జిగురు రసాయనాలు ఉంటాయి. కట్టె ఒక్కటే కోసే చోట అడిగి తెచ్చుకోండి.

పల్లికాయ పొట్టు మాకు పాలమూరు దిక్కు నుంచి వచ్చింది. మా చిన్నాయన కూతురు వనపర్తిలో ఉంటుంది, వాళ్ల దగ్గర పల్లీలు ఒలిచే మిల్లుల్లో పొట్టు కుప్పలు కుప్పలుగా ఉంటుంది, ఎక్కువగా బాయిలర్లకు, ఇటుక బట్టీలకు పోతుంది. వాళ్ల ఇంట్లో పెండ్లికి పోయి వస్తూ డీసీఎంలో ఇరవై బస్తాలు వేసుకొచ్చాం, పెండ్లిబట్టల మీద పొట్టు రాలిందని మా ఆయన దారి పొడుగునా సణిగాడు. కానీ ఆ పొట్టు గుణం చూడండి: ఒక్కో డిప్ప వంకరగా ఉంటుంది కాబట్టి ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని కూర్చుంటాయి, గాలికి లేవవు, వాన నీళ్లు సందుల్లోంచి జారి నేరుగా మట్టిలోకి దిగుతాయి. మండుటెండలో మామిడి కింద ఆ పొట్టులోకి చెయ్యి దూర్చి చూశాను, పైన అరచెయ్యి కాలుతోంది, నాలుగు వేళ్ల లోతున మట్టి చల్లగా, చెమ్మగా వేళ్లకు అంటుకుంది. నీళ్లు రోజూ పోసేదాన్ని మూడు రోజులకొకసారికి తగ్గించాను.

తిప్పలు కూడా ఉన్నాయి. పొట్టులో అక్కడక్కడా పల్లి గింజలు మిగిలిపోతాయి. వాటికోసం ఉడుతలు, ఎలుకలు, పక్కింటి కోళ్లు అన్నీ వచ్చి కాళ్లతో చిమ్మి పోస్తాయి. జూన్‌లో మొదటి వాన పడిన వారానికి మామిడి చెట్టు కింద పల్లి మొక్కలు వరసగా లేచాయి, మా చిన్నోడు వాటిని పీకనివ్వలేదు, దసరా ముందర గుప్పెడు కాయలు తీశాడు కూడా. అసలు జాగ్రత్త ఇంకొకటి. పల్లి చేలల్లో మొదలు కుళ్లు తెగులు వస్తుంది, దాని శిలీంధ్రం పొట్టుతో పాటు రావచ్చు, అది వంగకు, టమాటకు కూడా పడుతుంది. మొక్క మొదట్లో తెల్లటి దారాలు, వాటి మధ్య ఆవగింజలంత గోధుమ రంగు గుండ్లు కనబడితే అదే. గడ్డి కింద మామూలుగా కనబడే తెల్ల బూజు వేరు, అది కుళ్లబెట్టే బూజు, భయపడక్కర్లేదు. అందుకే పల్లి పొట్టు నేను పెద్ద చెట్లకే వేస్తాను, కూరగాయల మడుల్లోకి రానివ్వను, వేసే ముందు వారం రోజులు ఎండలో పలచగా ఆరబెడతాను.

ఇగ గడ్డి దగ్గరికి వద్దాం. పోయినేడు వరికోతలయ్యాక అత్తగారింట్లో గడ్డివాము చూసి నా కండ్లు మెరిసాయి. రెండు మోపులు లాగి బత్తాయి చెట్ల కింద పరుస్తుంటే అత్తమ్మ వాకిట్లోంచే కేక పెట్టింది. "బర్రెలకు చాలని గడ్డి చెట్ల కింద పోస్తవా బిడ్డా? చెట్టు పాలిస్తదా?" ఆమె అన్నది నిజం. ఎండాకాలం వచ్చేసరికి వరిగడ్డి మోపు కోసం జనాలు తిరుగుతుంటారు, అట్లాంటి మేతను మట్టిపాలు చేయడం నాకూ బాగనిపించలేదు. మోపులు మళ్లీ వాము మీద పెట్టాను. అప్పుడు కొట్టం ఊడుస్తూ ఆమె తట్టలో ఎత్తుతున్నది చూశాను: బర్రెలు ఏరి తిని వదిలేసిన గడ్డి, రాత్రంతా తొక్కి మెత్తబడింది, మూత్రంలో తడిసి గోధుమ రంగుకు తిరిగింది, మధ్య మధ్య పెండ అంటింది. రోజూ పెంటకుప్ప మీదికి పోతుంది. "ఇది తీసుకోవచ్చా అత్తమ్మా?" అంటే "ఏంజేసుకుంటవో చేసుకో" అంది.

అదే తొమ్మిది మార్కుల సరుకు. రంపపు పొట్టుతో నేను పడ్డ నత్రజని తిప్పలు దీనికి ఉండవు, మూత్రంలో వచ్చిన నత్రజని గడ్డికి ముందే పట్టి ఉంటుంది. బరువుగా, చెమ్మగా ఉంటుంది కాబట్టి గాలికి కదలదు. పొడుగు గడ్డిలాగా వాన నీళ్లను పక్కకు జార్చదు. వేసేటప్పుడు జానెడు మందం వేస్తే నెలలో సగానికి దిగుతుంది, మళ్లీ రెండు తట్టలు పైన వేస్తాను. వానాకాలం ఒకరోజు పొర ఎత్తి చూస్తే కింద మట్టి నల్లబడి, చిన్న చిన్న గోలీలుగా విడిపోతోంది, మధ్యలో ఎర్రలు, అంటే వానపాములు, మెలికలు తిరుగుతున్నాయి. ఎర్ర చెలకలో ఎర్రలు! మామ వంగి చూసి, చేతిలోకి తీసుకుని, మళ్లీ మెల్లగా అక్కడే పెట్టేశాడు.

కోసిన ఒక్క మార్కు దేనికంటే, మొదటి రెండు రోజులు ఈగలు, వాసన. కిటికీ పక్కన ఉన్న మడిలో వేసి ఇంట్లో అందరి చేతా తిట్లు తిన్నాను. ఇంకా, గడ్డి పొర కింద తేళ్లు, జెర్రులు దాక్కుంటాయి. చేత్తో ఎత్తొద్దు, కర్రతో తిప్పండి. ఎండాకాలం గడ్డి ఎండిపోయి ఉన్నప్పుడు తోటలో బీడీ తాగేవాళ్లకు ముందే గట్టిగా చెప్పి పెట్టండి.

ఏది వేసినా, ఎక్కడ వేస్తున్నామనేది చూసుకోవాలి. పోయిన వానాకాలం నేను ప్రేమ కొద్దీ నాలుగు బత్తాయి చెట్లకు గడ్డిని మొదలు చుట్టూ పుట్టలాగా పోశాను. ఆగస్టులో మామ గడ్డి పక్కకు లాగి చూస్తే ఒక చెట్టు బెరడు మీద తేనె రంగు బంక చుక్కలు చుక్కలుగా కారి గట్టిపడి ఉంది. బంక తెగులు, ఫైటోఫ్తొరా అనే శిలీంధ్రం లాంటి సూక్ష్మజీవి వల్ల వస్తుంది, మొదలు ఎప్పుడూ తడిగా ఉంటే దానికి పండగ. మామ కత్తితో చెడిన బెరడు గీకి, కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు లెక్కన బోర్డో పేస్టు కలిపి పూశాడు. నన్ను ఏమీ అనలేదు, ఒక్క మాట చెప్పాడు. "మొదలు కనబడాలె బిడ్డా. మొదలు కనబడకపోతే రోగం గూడ కనబడది." అప్పటినుంచి జానెడు ఖాళీ వదిలి, అక్కడి నుంచి కొమ్మల నీడ అంచు దాకా పరుస్తున్నాం, నీళ్లు, ఎరువు తాగే సన్న వేర్లు ఎక్కువగా ఉండేది ఎట్లాగూ ఆ బయటి వైపే. చెదలకూ ఇదే మందు. మేలో ఎండిన గడ్డి నిమ్మ మొక్క కాండానికి తగిలి ఉంటే చెదలు మట్టి గూడు కట్టుకుంటూ పైకి ఎక్కాయి. గూడు రాల్చి, ఖాళీ వదిలి, వేప పిండి చల్లి, గడ్డిని తడి ఆరనివ్వకుండా చూసుకుంటే మళ్లీ రాలేదు.

బత్తాయి రైతులకు ఇంకో సంగతి. పూత కోసం నీళ్లు ఆపి చెట్టును బెట్టకు వదిలే రోజుల్లో ఈ దుప్పటి పక్కకు లాగేయాలి. మట్టిలో చెమ్మ ఆరకపోతే చెట్టు బెట్టకు రాదు, పూత సరిగ్గా కలిసి రాదు. నీళ్లు మళ్లీ మొదలుపెట్టాక పరుచుకోవచ్చు. డ్రిప్పు ఉన్నవాళ్లు పైపును గడ్డి కిందే ఉంచండి, కానీ వారానికోసారి ఎత్తి చూడండి, మా నీళ్లకు డ్రిప్పర్లు సున్నం పట్టి మూసుకుపోతాయి, గడ్డి కింద ఉంటే చెట్టు వాడిపోయేదాకా మీకు తెలియదు.

ఆకుల గురించి రెండు ముక్కలు. కానుగ, వేప ఆకులు ఎన్ని దొరికితే అన్ని తెచ్చుకోండి. మా వీధి చివర కానుగ చెట్ల కింద ఊడ్చిన ఆకును కుప్ప చేసి అంటించేవాళ్లు, ఊడ్చే అక్కను అడిగితే ఇప్పుడు బస్తాలో ఎత్తి మా గేటు దగ్గరే పెడుతోంది. మామిడి ఆకు మందం, ఒకదాని మీద ఒకటి పడితే రేకుల్లాగా నీళ్లను జారుస్తుంది, చిదిమి వేయాలి. టేకు ఆకులు అలాగే వేశారనుకోండి, దొప్పల్లాగా వాన నీళ్లు పట్టి దోమలను పెంచుతాయి. పత్తి కట్టె కూడా ముక్కలు చేసి వేస్తే బాగుంటుందట, మా దగ్గర ముక్కలు చేసే మిషన్ లేక నేను వేయలేదు. వేసేవాళ్లు మాత్రం విచ్చుకోని కాయలు ఏరి పారేయండి, గులాబీ రంగు పురుగు వాటిలోనే ఉండిపోతుంది. ప్లాస్టిక్ షీట్ గురించి అడగొద్దు, పుచ్చ తోటకు పనికొస్తుందేమో కానీ అది కుళ్లి మట్టి కాదు.

ఇప్పుడు మా ఏర్పాటు ఇది: చెట్ల కింద కొట్టం గడ్డి, దాని మీద రెండు వేళ్ల మందం పల్లి పొట్టు, మడుల్లో కానుగాకు. అంతా వాన పడి నేల తడిసి, కలుపు తీసిన తర్వాతే వేస్తాం, పొడి మట్టి మీద కప్పితే పొడినే కాపాడినట్టు. ఈ ఏడు తోటలో సగం చెట్లకే గడ్డి సరిపోయింది, రెండో బర్రెను అమ్మేశాక కొట్టంలో తట్టలు తగ్గాయి, అత్తమ్మ ఇప్పుడు లెక్కపెట్టి ఇస్తోంది, పెంటకుప్పకు సగం, నాకు సగం. నా దగ్గర కొబ్బరి పొట్టు ఇటుకలు ఇంకా మూడు మిగిలి ఉన్నాయి, కుండీలు పెంచేవాళ్లు ఎవరైనా పానగల్లు దిక్కు వస్తే తీసుకుపోండి, బదులుగా రెండు బస్తాలు వేపాకు తెస్తే చాలు.